పదకొండు వందల నలభై మంది సాక్షులు

సారపాక
19 అక్టోబరు 2024

అక్కా,

తప్పు జరిగింది. చేసింది నువ్వు. ఎర్రవాగు తండా బోరు నీళ్ళను సీసాల్లో నింపుకుని పోయి, మా నెత్తురును సూదితో లాక్కుని పోయి, వాటి మీద పేరు తెచ్చుకుని, తండాను మరిచిపోయిన మనిషివి నువ్వు. డాక్టర్ హేమలత, పుణె. నలభై ఎనిమిదేళ్ళకే రెండు కిడ్నీలూ చెడి చనిపోయిన రూప్లా పెద్ద కూతురివి. నా సొంత అక్కవి. అందుకే బయటివాళ్ళకు కరపత్రం వేసే ముందు నీకు రాస్తున్నాను.

ఫోన్ ఎందుకు చేయలేదని అడుగుతావు. ఫోన్‌లో నువ్వు "తిన్నవా, యాడి ఎట్లుంది" అని అమ్మ మీదికి మాట మారుస్తావు. కాయితం మీద మాట మారదు.

నేను ఇంకా ఖాలిద్ భాయ్ జిరాక్సు షాపులోనే ఉన్నాను. ఈ చుట్టుపక్కల ఏ సంఘం మీటింగు పెట్టినా కరపత్రం మా దగ్గరే టైపు అవుతుంది. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసినా నా చదువు ఆగలేదు. పోడు మీద, నీళ్ళ మీద, కాంట్రాక్టు కూలీల మీద వచ్చిన ప్రతి కరపత్రమూ టైపు చేస్తూనే చదివాను. ఒక్కో కాపీ దాచుకున్నాను. భాయ్ అంటాడు: "అరే జైరాం, అందరు టైపింగుల తప్పులు దిద్దుతరు. నువ్వు మాటలు గరం చేస్తవు. పార్టీ అడగకముందే గరం చేస్తే ఎట్ల భై?"

మొన్న గిరాకీ లేనప్పుడు ఇంటర్నెట్‌లో నీ పేరు కొట్టాను. నీ పేజీ వచ్చింది. ఫోటోలో నవ్వుతున్నావు. నువ్వు రాసిన పత్రాలు ఇరవై మూడు. ఒక్కొక్క పత్రం పక్కనా ఒక అంకె, దాన్ని ఎంతమంది శాస్త్రవేత్తలు తమ పత్రాల్లో ఉదహరించారో. అన్నిటికన్నా పైన 2019లో రాసిన మన బోరు నీళ్ళ పత్రం. దాని పక్కన 1,140. దాని కింద 61. తర్వాత 40, 9, 4, 2. ఆ తర్వాత వరసగా సున్నాలు.

భాయ్‌ని పిలిచి చూపించాను. "గీ పదకొండు వందల నలభై ఏంది?" అన్నాడు. "ఇంతమంది సైంటిస్టులకు మా బోరు సంగతి తెలుసు భాయ్" అన్నాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, "తెలిసి ఒక్కడు గూడ రాలేదా?" అన్నాడు.

ఆ మాటకు జవాబు నీ దగ్గర ఉండాలి.

ఇంకొక మాట. మొన్న జూన్‌లో వచ్చి ఎనభై నాలుగు మంది నెత్తురు తీసుకుపోయావు. ఎవరి సీసాకు ఏ నంబరో రాసిన కాయితం నా చేతిలో పెట్టి, "ఇది నా దగ్గర ఉండకూడదు, నువ్వే కాపలా" అన్నావు. నాలుగు నెలలైంది. ఫలితం లేదు. నాకు అర్థమైంది ఏమంటే, నీకు ఇంకో పదకొండు వందల నలభై కావాలి.

జవాబు రాయి. రాయకపోతే అదే జవాబనుకుంటాను.

జైరాం


పుణె
27 అక్టోబరు 2024

చిన్నోడా,

నీ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జిమెంటు కార్డుతో వచ్చింది. మా అటెండరు కోర్టు నోటీసనుకుని నా వంక జాలిగా చూశాడు. చదివాక అతని జాలి తప్పేమీ కాదనిపించింది.

నువ్వు నన్ను తిట్టు. నాన్న పోయినప్పటి నుంచీ నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. కానీ లెక్క తప్పుగా తిట్టకు. ఉదహరింపు సాక్ష్యం కాదురా. మేస్త్రీ ఇల్లు కట్టేటప్పుడు పక్కింటి నిచ్చెన అడిగి తెచ్చుకుంటాడు. నిచ్చెన తీసుకుపోయిన ప్రతివాడికీ ఆ ఇంట్లో ఎవరు జబ్బుపడి ఉన్నారో తెలుస్తుందా?

ఆ పత్రంలో రెండు భాగాలున్నాయి. మొదటి సగం, నీళ్ళలో ముంచితే రంగు మారే కాయితపు పట్టీ గురించి. నీళ్ళలో ఆ పాడు లోహం ఎంత ఉందో అది చూపిస్తుంది. రెండో సగం, ఆ పట్టీతో మన బోరులో నేను చూసినది. పదకొండు వందల నలభైలో పదకొండు వందల ముప్పై నాలుగు మంది పట్టీ కోసం వచ్చారు. పాలు పరీక్షించేవాళ్ళు, గోడల రంగులు చేసేవాళ్ళు, ఎక్కడో చలిదేశంలో చేపల తొట్లు పెట్టుకున్నవాళ్ళు. రెండో సగం కోసం వచ్చినవాళ్ళు ఆరుగురు. ఆ ఆరింటిలో నాలుగు పత్రాలు నేనే రాశాను. అంటే నా మాటకు నేనే "అవ్" అన్నాను.

అంకెల సంగతి కూడా విను, ఇక్కడ ఎవరికీ చెప్పుకోలేను. పట్టీలూ పూతలూ చేసే రంగంలో రోజుకు వందల పత్రాలు పుడతాయి, అందరూ అందరినీ ఉదహరిస్తారు. మా పక్క గదిలో గణితం చేసే దిల్షాద్ మేడమ్ ఇరవై ఏళ్ళ పనికి మొత్తం తొంభై. ఆ తొంభై మందీ ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. పల్లెల జబ్బుల మీద రాసేవాళ్ళకు పది వస్తే పండగ. మా పదోన్నతి కమిటీ మాత్రం పత్తినీ బొగ్గునూ ఒకే కాటా మీద పెడుతుంది. పోయిన నెల వాళ్ళు నాతో మర్యాదగానే అన్నారు: "ఆ ఊరి పని వదిలేయండి మేడమ్. మీ అంకె పట్టీలో ఉంది." వదల్లేదు. అందుకే జూన్‌లో వచ్చాను.

నెత్తురు ఫలితాలు నవంబరు రెండో వారంలో చేతికొస్తాయి. మిషను ఒకటే, వంతు రావాలి. నీ దగ్గరున్న కాయితం భద్రం. ఎనభై నాలుగు మంది ఉన్నచోట వయసు రాసినా, ఆడా మగా రాసినా, మనిషి ఎవరో తెలిసిపోతుంది. అందుకే అవి కూడా ఆ కాయితంలోనే ఉన్నాయి. నేను ఆ తండా పిల్లను కాబట్టి పేర్లు నా కంట పడకూడదని షరతు. నా దగ్గర ఉన్నవి ఒకటి నుంచి ఎనభై నాలుగు వరకు అంకెలు మాత్రమే.

పైపు నీళ్ళు వచ్చిన రోజు రెండు బిందెలు ఎక్కువ పట్టి పెట్టు. బోరు నీళ్ళు కాచినా ఆ లోహం పోదని యాడికి మళ్ళీ చెప్పు. వినదు. అయినా చెప్పు.

నీ అక్క,
హేమ


సారపాక
12 నవంబరు 2024

డాక్టర్ హేమలత గారికి,

నిచ్చెన కథ చదివాను. బాగుంది. కానీ నీ ఉత్తరం చేరేసరికి కరపత్రం ఐదు వందలు అచ్చయిపోయింది. ఎర్ర కాయితం మీద నల్ల సిరా. "ఎర్రవాగు తండా బోరు మీద 1,140 మంది శాస్త్రవేత్తల సాక్ష్యం! ఇంకెంతమంది చావాలి?" అచ్చయినదాన్ని నేను చించను. అదీగాక, పెద్దవాళ్ళ దగ్గర ఉద్యోగం చేసేవాళ్ళు తమ అంకెను తామే తగ్గించుకుని చెప్తారని నాకు తెలుసు.

నిన్న సోమవారం, అర్జీల రోజు. తండా నుంచి నలభై మందిమి మండలాఫీసుకు పోయాం. పత్తి తీత మానుకుని వచ్చారు. తండా పెద్దగా బద్యా తాత నాయక్ తలపాగా కట్టుకుని ముందు నడిచాడు. గణేష్ ఆటోలో ముసలివాళ్ళను రెండు ట్రిప్పులు తెచ్చాడు. అతని భార్య జాంకి వదిన దారి పొడుగునా కరపత్రాలు పంచింది. చదువు రాదు కదా, ఒకటి తలకిందులుగా పట్టుకుని, "మరిదీ, గిండ్ల నా పేరు గూడ ఉన్నదా?" అని అడిగింది. "అందరి పేరూ ఉంది వదినా" అన్నాను.

ఆఫీసరు కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది. నీ పత్రాన్ని తన కంప్యూటర్‌లో తెరిచి, స్క్రీను నా వైపు తిప్పాడు.

"తమ్మీ, గిందుల మీ తండా పేరు యాడున్నదో చూపియ్యి."

వెతికాను. మొదటి నుంచి చివరి దాకా వెతికాను. ఎర్రవాగు అన్న మాటే లేదు. "ఆవాసం-4" అని ఉంది.

"గీ ఆవాసం-4 ఏ జిల్లాలనన్న ఉండొచ్చు గద?" అన్నాడు. తర్వాత ఉదహరించినవాళ్ళ వరస తీశాడు. "చేపల తొట్లు. గోడ రంగులు. పాల డెయిరీ. నీ సాక్షులల్ల మీ బోరు చూసినోడు ఎవడు?"

వెనక ఎవరో నవ్వారు. మనవాళ్ళే.

చేపల సంగతి నువ్వు ముందే చెప్పావు, సరే. పేరు సంగతి ఎందుకు చెప్పలేదు? తండా పిల్లనని పుణెలో చెప్పుకోవడానికి సిగ్గా? నాన్న చచ్చిన ఊరికి పేరు లేదా? మేం నీకు మనుషులం కాదు. నాలుగో నంబరు ఆవాసంలో ఒకటి నుంచి ఎనభై నాలుగు దాకా సీసాలం.

అందుకే ఆ ఆఫీసు మెట్ల ముందే నీ నంబర్ల కాయితం తీసి అందరికీ చూపించి కాల్చేశాను. జాంకి వదిన చెయ్యి పట్టుకుంది. "మరిదీ, గవి మా పేర్లు గద! మా పేర్లు కాలవెట్టనీకి నువ్వెవరు?" అంది. చెయ్యి విదిలించుకున్నాను. ఆమెకు తెలియదు, ఆ కాయితం మా మెడకు కట్టిన బిళ్ళ అని.

మీ డైరెక్టరుకు ఫిర్యాదు కూడా పంపాను, రిజిస్టర్డ్ పోస్టులోనే. మా అనుమతి వెనక్కి తీసుకుంటున్నామని రాశాను. నీ నంబరు ఫోన్‌లో బ్లాక్ చేశాను.

ఇట్లు,
నాలుగో ఆవాసం తరఫున
జైరాం


పుణె
13 నవంబరు 2024

జైరాం,

ఇది అందిన నిమిషమే చదువు. పని మధ్యలో ఉంటే పని ఆపి చదువు.

ఫలితాలు వచ్చాయి. పన్నెండో నంబరుకూ నలభై ఏడో నంబరుకూ కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి, నెలలోపు చూపించాలి. ముప్పై ఒకటో నంబరు సంగతి అది కాదు. నెత్తురులో ఒకటి దాటకూడని క్రియాటినిన్ అంకె ఆ మనిషికి జూన్‌లోనే నాలుగున్నర ఉంది. ఇప్పుడెంతో తెలియదు. నాన్నకు మనం మొదటిసారి చూపించినప్పుడు నాలుగు ఉంది. నీకు గుర్తుందో లేదో, అప్పుడు నువ్వు బళ్ళో ఉన్నావు.

కాయితం తీసి ముప్పై ఒకటి ఎవరో చూడు. ఆ మనిషినీ, ఇంటివాళ్ళనూ పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పు. అదే రోజు పెద్ద దవాఖానాకు తీసుకుపో. ఇప్పుడు పోతే డయాలసిస్‌తో ఏళ్ళ తరబడి బతకవచ్చు.

నీకు మూడుసార్లు ఫోన్ చేశాను, కలవలేదు. బద్యా తాతకు చేశాను. "జైరాం‌ను నా ఉత్తరం తెరిచి, కాయితం చూడమని చెప్పు" అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఫలితం కాయితం ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదని నేనే సంతకం పెట్టాను. తాత నోట్లో మాట పడితే సాయంత్రానికి తండా అంతా పాకుతుంది. ఎనభై నాలుగు మంది ఇళ్ళూ ఏడుస్తాయి.

చూసిన వెంటనే కబురు చెయ్యి. ఒక్క పేరు చాలు.

హేమ


పుణె
18 నవంబరు 2024

జైరాం,

పన్నెండున నువ్వు రాసినది ఇవాళ అందింది. కాల్చేశావా?

నిజంగా కాల్చావా, కోపంలో రాశావా? ఒక్క మూల మిగిలినా, ఫోన్‌లో ఎప్పుడైనా ఫోటో తీసి ఉన్నా, వెతుకు. జూన్‌లో ఎవరి తర్వాత ఎవరు నిలబడ్డారో గుర్తున్నవాళ్ళను అడుగు. మొదట బద్యా తాత, ఆ తర్వాత యాడి అని నాకు మసకగా గుర్తు. కానీ సీసాల పెట్టెలో నంబర్లు వరసగా లేవు, కావాలనే కలిపేశాం.

నా పద్నాలుగు పేజీల నియమావళి ముందు పెట్టుకుని కూర్చున్నాను. కాపలాదారు కాయితాన్ని కాల్చేస్తే ఏం చేయాలో అందులో లేదు.

తాతకు మళ్ళీ ఫోన్ చేసి, నీ చేత ఉత్తరాలు తెరిపించమని మాత్రం అన్నాను. సంతకం ప్రకారం ఫలితం చెప్పాల్సినవాడివి నువ్వే, ఇంక ఎవరికీ దాచకు. తండానంతా పిలిచి చెప్పు. కాళ్ళు వాచినవాళ్ళనూ, అన్నం సహించనివాళ్ళనూ ముందు పంపు. నన్ను తర్వాత తిట్టుకోవచ్చు.

హేమ


సారపాక
4 డిసెంబరు 2024

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ సమయానికే అందాయి. తెరవలేదు. జిరాక్సు మిషను కింద అరలో పడేశాను. బద్యా తాత రెండుసార్లు చెప్పాడు. నువ్వు బతిమాలుతున్నావనుకున్నాను. "బతిమాలనీ తాతా" అన్నాను.

నవంబరు ఇరవై ఐదున తాత బస్సెక్కి షాపుకే వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "నా ముందర సదువు. మా హేమ ఊకనే రాయదు" అన్నాడు. చదివాను, పైకి కాదు. "ఏముందిరా?" అన్నాడు. "ఏం లేదు తాతా. నీళ్ళ ముచ్చటే" అన్నాను.

నీకు రాస్తున్నాను కాబట్టి అంతా రాస్తాను. ఆ నిమిషాన నాకు తండా గుర్తు రాలేదు. యాడి గుర్తొచ్చింది. నాన్నకు వచ్చింది యాడికి రాకుండా ఎట్లా ఉంటుంది, ముప్పై ఒకటి యాడే అని నిశ్చయించుకున్నాను. అందరికీ చెప్తే అందరూ ఒకేసారి ఆటో ఎక్కుతారు, ఉన్నది ఒక్క ఆటో. సాయంత్రం గణేష్ ఇంటికి పోయి, "రేపు పొద్దున యాడిని భద్రాచలంలో చూపించాలి" అన్నాను. "ఏమైంది?" అన్నాడు. "ఊకనే, నీరసం" అన్నాను.

లోపల్నుంచి జాంకి వదిన అంది: "నేను గూడ వస్త మరిదీ. వారం సంది కాళ్ళు వాసినయ్. చెప్పులు పడ్తలేవు."

పత్తి తీసే రోజుల్లో ఎవరి కాళ్ళు వాయవు, అనుకున్నాను. కాదు, ఇది అబద్ధం. ఆమె వస్తే డాక్టరు గదిలో నంబరు సంగతి బయటపడుతుందని అనుకున్నాను. "రేపు యాడిని సూపిస్త వదినా. ఎల్లుండి నువ్వు పోదువు" అన్నాను. ఆమె నవ్వి, "సరే తీ. ముసలామెకే ముందు" అంది.

యాడికి ఏమీ లేదు. ఆ అంకె ఒకటి లోపే ఉంది. నేనేం చేశానో తెలుసా? బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు తెచ్చాను. గణేష్‌కూ పెట్టాను. అతను రెండు తిని, రెండు జాంకి వదినకని కాయితంలో చుట్టుకున్నాడు.

ఆ ఎల్లుండి వచ్చినా ఆమె పోలేదు. చేనులో పత్తి విచ్చి ఉంది, వానమబ్బు పట్టింది. నేను గుర్తు చేయలేదు. నాలుగు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. రోజూ పొద్దున ఇవాళ చెప్దామనుకుని, షాపుకొచ్చి, "ప్రజలారా మేల్కొనండి" అని ఎవరిదో కరపత్రం టైపు చేశాను.

ముప్పయ్యో తారీకున వదిన పత్తి సాలులో పడిపోయింది. ఖమ్మంలో చేర్చారు. అంకె పదకొండట. ఆమెకు ఇరవై ఆరేళ్ళు.

అప్పుడు చెప్పాను. బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి నీ రెండు ఉత్తరాలూ పైకి చదివాను. ఎవరూ కొట్టలేదు. గణేష్ ఖమ్మం నుంచి బట్టల కోసం వచ్చి ఉన్నాడు, గోడకు ఆనుకుని విన్నాడు. నేను చదవడం అయ్యాక, "అంటే, నువ్వు ఆటో అడిగిన్నాడు నీకు ఎర్కేనా?" అన్నాడు. తల ఊపాను. "గదే అడిగిన" అని బట్టల సంచి తీసుకుని పోయాడు.

యాడి నాతో మాట్లాడడం లేదు. "నన్నెందుకు ముందు ఎక్కిచ్చినవ్‌రా?" అని ఒక్కసారి అడిగింది. అంతే. నా పళ్ళెంలో అన్నం పెట్టి పక్కింటికి పోతుంది.

అక్కా, ముప్పై ఒకటి వదినేనా? నీ దగ్గర ఏదో ఒక గుర్తు ఉండే ఉంటుంది. ఆమె అయితే ఒక బాధ. కాకపోతే ఇంకొకరున్నారు. తండాలో జనం ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుంటున్నారు. ఎవరైనా అన్నం వద్దంటే ఇంట్లో ఏడుపు మొదలవుతుంది.

పేరు రాయలేదని నిన్ను తిట్టాను. ఇప్పుడు ఒక్క పేరు కోసం నిన్నే అడుగుతున్నాను.

జైరాం


పుణె
12 డిసెంబరు 2024

తమ్ముడూ,

గుర్తు ఏదీ లేదు. జూన్‌లో రెండున్న మనిషికి కూడా జబ్బు ముదిరితే నవంబరుకల్లా పదకొండు కావచ్చు. కాబట్టి జాంకి ముప్పై ఒకటి కావచ్చు, పన్నెండు కావచ్చు, నలభై ఏడు కావచ్చు. జూన్‌లో ఏమీ లేని సీసా కూడా కావచ్చు.

ఆ సీసాలు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. కొత్త నెత్తురు తెస్తే పోల్చి ఎవరిదేదో చెప్పగలను. కానీ నీ ఫిర్యాదు అందిన రోజే ఆ గదికి సీలు వేశారు. అనుమతి వెనక్కి తీసుకున్నవాళ్ళ నెత్తురును ముట్టుకోకూడదు. నియమం మంచిదే, మీలాంటి వాళ్ళను కాపాడటానికే పెట్టారు. విచారణ మార్చిలో. అప్పటిదాకా నాకు ఆ గది తలుపు తెరవడానికి లేదు.

పేరు సంగతి చెప్తాను. ఒట్టు వేశాను కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదు. 2019లో ఆ పత్రం పంపే ముందు తండాకు వచ్చి చదివి వినిపించాను. "ఎర్రవాగు తండా" అనే రాశాను. అంతా విని బద్యా తాత అన్నాడు: "ఏమన్న రాసుకో బిడ్డా, పేరు మాత్రం తీసెయ్. కిడ్నీల తండా అని పేరు పడ్డంక మన పోరగాండ్లకు పిల్లనెవరిస్తరు?" పెద్దవాళ్ళందరూ అదే మాట. యాడి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, "జైరాంకు పదిహేడేండ్లు. వాని బతుకు జూడు" అంది. ఆ రోజు నేనే పేరు కొట్టేసి "ఆవాసం-4" అని రాశాను.

అది తప్పని ఇప్పుడనిపిస్తోంది. అప్పుడనిపించలేదు. నేను బద్యా తాతకు ఫోన్‌లో "ముప్పై ఒకటి" అన్న ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన అప్పుడే నీ చెవి మెలిపెట్టి ఉండేవాడు. నేను సంతకం పెట్టిన నియమాన్ని పాటించాను. నువ్వు కాయితం కాల్చావు, నేను నోరు మూసుకున్నాను. ఎవరిది ఎక్కువో తేల్చే ఓపిక నాకు లేదు.

నిన్న నాకు పదోన్నతి ఇచ్చారు. విచారణ సంగతి ఆ కమిటీకి తెలియనే తెలియదు, అది వేరే అంతస్తు. వాళ్ళు అంకె చూశారు. ఈ నెలలో ఇంకో పద్దెనిమిది పెరిగాయట. ఏదో దేశంలో పిల్లల ఆటబొమ్మల రంగు మీద మన పట్టీ వాడారు. అందరూ కరచాలనం చేశారు. దిల్షాద్ మేడమ్ ఒక్కరే చెయ్యి వదలకుండా, "ఏమైంది?" అన్నారు. చెప్పాను. ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "మా దాంట్లో ఒక్క తప్పు దొరికితే ఇరవై ఏళ్ళ పని కూలుతుంది. కానీ మనిషి చావడు" అన్నారు.

రెండో పత్రం ఇక రాదు. ఎనభై నాలుగు అంకెలున్నాయి, వాటి వెనక మనుషులు లేరు. నేను ఏం చేయాలో నాకు తెలియడం లేదురా. జాంకి ఎట్లా ఉందో రాయి.

హేమ


ఎర్రవాగు తండా
30 డిసెంబరు 2024

అక్కా,

జాంకి వదిన ఇరవై ఒకటిన చనిపోయింది. ఏడు డయాలసిస్‌లు చేశారు. ఎనిమిదోదానికి నెత్తురు పోటు పడిపోయింది. గణేష్ తన ఆటోలోనే తెచ్చాడు. వెనక సీటు పీకించి పడుకోబెట్టాడు. నేను పాడె మోయడానికి పోతే ఎవరూ వద్దనలేదు, జాగా కూడా ఇవ్వలేదు. వెనక నడిచాను.

పదో రోజు దాటకముందే నిన్న బద్యా తాత తండాను పిలిచాడు. నన్ను కూడా మాట్లాడమన్నాడు. ఇన్నేళ్ళు ఊరందరి కోపాన్నీ టైపు చేసినవాణ్ణి, నిలబడి ఒక్క ముక్క అనలేకపోయాను. తాతే మాట్లాడాడు.

"పేరు దాసిపెట్టుమన్నది నేను. నాయక్‌ను, నా మాటనే. ఆ ఎర్ర కాయితం బయటవడ్డంక ఇల్లందు దిక్కు సంబంధం ఒకటి ఎనకకు వొయింది. ఇంకోటి గూడ వోతది. పోనీ. పోరగాండ్లే లేకుంట అయితే పెండ్లి ఎవనికి జేస్తం?"

గణేష్ లేచాడు. అతను మాట్లాడతాడని ఎవరూ అనుకోలేదు. "జాంకి ముప్పై ఒకటో కాదో నాకు తెల్వాలె" అన్నాడు. "కాకుంటె, గా మనిషి ఇయ్యాల గూడ బోరు కాడ బిందె ముంచింది. పత్తికి వొయింది. మన నడుమనే ఉన్నది." నా వైపు చూశాడు. తిట్టడానికి అనుకున్నాను. "నువ్వు రాస్తవు గద. రాయి" అన్నాడు.

రాస్తున్నాను. నువ్వు చదివేది అదే. ఈసారి గరం చేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఎనభై నాలుగు మందిలో మిగిలినవాళ్ళం ఎనభై ముగ్గురం. అందరం మళ్ళీ నెత్తురు ఇస్తాం. ఈసారి సీసా మీద నంబరు ఉండదు, పేరు ఉంటుంది. రాయడం వచ్చినవాళ్ళు తమ చేతితో రాస్తారు, రానివాళ్ళు నోటితో చెప్తే నేను రాస్తాను. ఊరి పేరు పైన ఉంటుంది. ఖాలిద్ భాయ్ బామ్మర్ది రజాక్ మణుగూరులో ల్యాబ్ టెక్నీషియన్. సూదులూ సీసాలూ తీసుకుని వచ్చి, ఆ సాయంత్రానికే అంకెలు తేల్చి ఇస్తానన్నాడు. కాళ్ళు వాచినవాళ్ళనూ ముసలివాళ్ళనూ గణేష్ ఇళ్ళ దగ్గరికే పోయి ఆటోలో తెస్తానన్నాడు. వరసలో యాడి ఎనభై మూడోది. నేను అడగలేదు. తనే చెప్పింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని మీ డైరెక్టరుకు రాశాను. దానివల్ల సీలు తీస్తారో తీయరో నాకు తెలియదు. నువ్వు సంస్థ తరఫున రానక్కర్లేదు. అనుమతి కాయితాలు వద్దు, నియమావళి వద్దు. ఆ అంకెలు చదివి, ఫలానా మనిషిని ఇవాళే తీసుకుపోండి అని మొహం మీద చెప్పగలిగినదానివి మాకు నువ్వొక్కదానివే ఉన్నావు. నీ నంబరు బ్లాక్ తీసేసి ఈ కాయితం ఫోటో పంపుతున్నాను, శుక్రవారం రైలెక్కితే అందుకుంటావు.

అర్జీల ఆఫీసరుకూ ఒక కాపీ ఇచ్చాను. వస్తే రానీ, కూర్చోవడానికి చాప వేస్తాం.

ఎర్రవాగు తండా, బడి వరండా. జనవరి ఐదు, ఆదివారం. పత్తికి పోకముందే, బోరు దగ్గరికి పోకముందే, ఇంటికొకరు కాదు, ఎనభై ముగ్గురూ. పొద్దున ఏడు గంటలకు.

జైరాం